సెట్టింగ్స్‌లో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు: డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల కోసం

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసే ప్రతి టీమ్‌లోనూ ఈ వాదన వస్తుంది. "వాడేవాళ్ల ఇష్టానికే వదిలేద్దాం, ఒక సెట్టింగ్ పెట్టేద్దాం" అని ఒకరంటారు. "అన్నీ పెట్టుకుంటూ పోతే ఎవరికీ అర్థం కాదు, తీసేద్దాం" అని ఇంకొకరంటారు. రెండు దారుల్లోనూ చాలా దూరం వెళ్లి చూసినవాళ్లు ఉన్నారు. లినక్స్‌లో మెనూలు, విండోలు చూపించే గ్నోమ్ డెస్క్‌టాప్ 2002లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచీ ఆప్షన్లు తగ్గించుకుంటూ వచ్చింది. దాని పోటీ డెస్క్‌టాప్ కేడీఈ మాత్రం వాడేవాళ్ల చేతికి వీలైనన్ని మీటలు ఇచ్చింది. ప్రింటర్‌లో ఉన్న ఆప్షన్లను గ్నోమ్ ప్రింట్ డైలాగ్ దాచేస్తోందన్న గొడవలో 2005 డిసెంబరులో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బాహాటంగానే కేడీఈకి మారిపొమ్మని చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రెండు డెస్క్‌టాప్‌లూ ఉన్నాయి, రెండింటికీ గట్టి అభిమానులు ఉన్నారు.

ఎన్ని ఆప్షన్లు ఉండాలి అన్న లెక్కతో మొదలుపెడితే ఈ వాదన ఎప్పటికీ తెగదు. ప్రతి సెట్టింగూ మనం వాడేవాళ్లను అడుగుతున్న ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు నిజంగా వాళ్ల దగ్గరే ఉంటే అడగాలి. మెషీన్ దగ్గరో, మన దగ్గరో ఉంటే అడగకూడదు. నేను చెప్పబోయే పద్ధతి అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. చేతికి ఒక పని ఉంటే బాగుంటుంది కాబట్టి, మీరు చిన్న షాపుల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకుందాం. మెడికల్ షాపు, కిరాణా, హార్డ్‌వేర్ షాపు, అందరూ వాడాలి.

1. ముందు ఉన్నవన్నీ బయటికి తీయండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి మీ సాఫ్ట్‌వేర్ అడిగే ప్రతిదాన్నీ ఒక్కో వరుసలో రాయండి. సెట్టింగ్స్ విండోలో ఉన్నవి మాత్రమే రాసి ఆపేయకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే ఫోల్డర్, మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే ఫారం, "సేవ్ చేయాలా?" అని అడ్డం వచ్చే డైలాగులు, "ఇంకోసారి అడగొద్దు" టిక్‌బాక్సులు, కుడి క్లిక్ మెనూలో దాక్కున్నవి, కాన్ఫిగరేషన్ ఫైల్‌లో మీ టీమ్‌కు మాత్రమే తెలిసినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాడేవాళ్లకు ఇవన్నీ ఒకటే, పని ఆపి జవాబు చెప్పాల్సిన చోట్లు.

ఒక్కోదాని ఎదురుగా అది ఎందుకు పుట్టిందో రాయండి. నా అనుభవంలో చాలావాటికి "ఒక కస్టమర్ అడిగారు" అనో, "మీటింగ్‌లో తేలలేదు" అనో వస్తుంది. రెండోదాన్ని ఎర్ర రంగుతో గుర్తు పెట్టుకోండి. మనలో మనకు కుదరని రాజీని టిక్‌బాక్స్‌గా మార్చి షాపు యజమాని ముందు పెట్టడం న్యాయం కాదు.

ఇంకో లెక్క కూడా పక్కన రాసుకోండి. 10 టిక్‌బాక్సులుంటే మీ ప్రోగ్రామ్‌కు 1,024 రూపాలు. 20 ఉంటే 10,48,576. అన్నింటినీ ఎవరూ టెస్ట్ చేయరు. "మా దగ్గర బాగానే వస్తోంది సార్" అని సపోర్ట్ వాళ్లు ఫోన్‌లో చెప్పే మాటకు సగం కారణం ఇదే.

2. జవాబు ఎవరి దగ్గర ఉందో తేల్చండి

అసలు పని ఇక్కడే ఉంది, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టి, ప్రతి ప్రశ్న ఎదురుగా మూడింటిలో ఒకటి రాయండి: వాడేవాళ్ల దగ్గర, మెషీన్ దగ్గర, మన దగ్గర.

"మీ రాష్ట్రం ఏది?" అన్న ప్రశ్న తీసుకోండి. చూడ్డానికి ఇది షాపు యజమానికే తెలిసిన సంగతి. కానీ జీఎస్‌టీ నంబరు ఎలాగూ తీసుకుంటున్నాం కదా, అందులో మొదటి రెండు అంకెలే రాష్ట్రం కోడ్. 36 అంటే తెలంగాణ, 37 అంటే ఆంధ్రప్రదేశ్. అంటే జవాబు అప్పటికే మన చేతిలో ఉంది. కొనేవాళ్ల జీఎస్‌టీ నంబరు కూడా ఎంటర్ చేశారంటే, రెండు కోడ్‌లనూ పోల్చి ఒకే రాష్ట్రమైతే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ వేయొచ్చు, వేరైతే ఐజీఎస్‌టీ వేయొచ్చు. అయితే సరుకు వేరే రాష్ట్రానికి పంపమనే సందర్భాలు ఉంటాయి, అప్పుడు ఈ ఊహ తప్పొచ్చు. కాబట్టి ప్రోగ్రామ్ తేల్చిన జవాబును బిల్లు మీదే కనిపించేలా పెట్టండి, దాని మీద క్లిక్ చేస్తే అక్కడే మార్చుకునే వీలు ఇవ్వండి. అడగకపోవడం, మార్చనివ్వకపోవడం రెండూ వేర్వేరు సంగతులు. సరళత పేరుతో చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేవే.

బార్‌కోడ్ స్కానర్ సంగతి చూడండి. మామూలు యూఎస్‌బీ స్కానర్ కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తుంది. కోడ్‌ను టైప్ చేసినట్టే పంపి చివర ఒక ఎంటరో, ట్యాబో నొక్కుతుంది. ఆ చివరి కీ ఏదో ఎంచుకోమని డ్రాప్‌డౌన్ పెడితే షాపులో ఎవరూ జవాబు చెప్పలేరు. దానికి బదులు "మీ దగ్గరున్న ఏదైనా వస్తువు స్కాన్ చేయండి" అనండి. వచ్చిన అక్షరాలు, వాటి వేగం, చివర వచ్చిన కీ చూసి ప్రోగ్రామే నేర్చుకుంటుంది. యజమాని చేసింది తనకు బాగా తెలిసిన పనే.

బిల్లు ప్రింటర్ కూడా అంతే. షాపుల్లో 2 ఇంచుల రోల్, 3 ఇంచుల రోల్ అంటారు. స్పెసిఫికేషన్‌లో అవి 58, 80 మి.మీ. మామూలు అక్షరాల్లో మొదటిదానికి వరుసకు 32 అక్షరాలు, రెండోదానికి 48 పడతాయి. రోల్ వెడల్పు ఎంతో డ్రైవర్ సరిగ్గా చెబుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి అడగక తప్పదు. "లైన్ విడ్త్ క్యారెక్టర్లలో" అని అడగకండి. 48 అక్షరాల గీతను ప్రింట్ చేసి, "గీత ఒకే వరుసలో వచ్చిందా, రెండు వరుసలుగా విరిగిందా?" అని కింద రెండు బొమ్మలు చూపించండి. కాగితం చూసి నొక్కితే చాలు.

ఇప్పుడు మూడో రకం. "డేటాబేస్ కాష్ ఎంత ఉండాలి", "ఆటోసేవ్ ఎన్ని నిమిషాలకు", "అప్‌డేట్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో దించాలా". వీటికి జవాబు మన దగ్గరే ఉండాలి. లేకపోతే కూర్చుని కనుక్కోవాలి. ఆటోసేవ్ గురించి అడగడమంటే, కరెంటు పోతే ఎన్ని నిమిషాల బిల్లులు పోయినా ఫర్వాలేదో చెప్పమని షాపు యజమానిని అడగడమే. ప్రతి బిల్లూ పూర్తవగానే డిస్క్‌లోకి వెళ్లాలి, ఆ ప్రశ్నే ఉండకూడదు.

నిజంగా వాడేవాళ్ల దగ్గరే ఉండే జవాబులు ఏవంటే, పైసలు రౌండ్ ఆఫ్ చేయాలా వద్దా, బిల్లు మీద షాపు పేరు తెలుగులో ఉండాలా ఇంగ్లీషులోనా, అప్పు ఖాతా చూసే అధికారం కౌంటర్‌లో కుర్రాడికి ఇవ్వాలా అన్నవి. ఇవి యజమాని వ్యాపారానికి, స్వభావానికి సంబంధించినవి, ఏ మెషీనూ ఊహించలేదు. వీటిని తీసేస్తే మీ సాఫ్ట్‌వేర్ సరళంగా మారదు, ఆ షాపుకు పనికిరాకుండా పోతుంది.

దీనికి తెలుగు టైపింగే మంచి ఉదాహరణ. లినక్స్‌లో ఎం17ఎన్ అనే టైపింగ్ లైబ్రరీ ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్ లేఅవుట్లు (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే అమరికలు) దొరుకుతాయి. విండోస్‌లో ముందు నుంచీ ఉన్న ఇన్‌స్క్రిప్ట్‌కు తోడు 2019లో ఫొనెటిక్ వచ్చింది. ఒకే భాషకు ఇన్ని ఎందుకని తీసేయాలనిపించవచ్చు. కానీ డీటీపీ సెంటర్‌లో ఏళ్ల తరబడి ఒకే లేఅవుట్‌లో కొట్టినవాళ్లకు అది వేళ్లలో ఉంటుంది. అక్కడ జవాబు మనిషి దగ్గరే ఉంది, మనం ముట్టుకోకూడదు.

3. పది ప్రశ్నల్ని ఒక్కటిగా చేయండి

వాడేవాళ్ల దగ్గరే జవాబున్న ప్రశ్నలు కూడా కుప్పగా పడితే భయపెడతాయి. వాటిలో కలిసి కదిలేవాటిని పట్టుకోండి. మెడికల్ షాపుకు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, స్ట్రిప్ విడదీసి లూజ్‌గా అమ్మే వీలు, అన్నీ కావాలి. కిరాణాకు అవేవీ వద్దు. కిలో, గ్రాముల లెక్క, కాటా కనెక్షన్ కావాలి. కాబట్టి మొదటిసారి తెరిచినప్పుడు "మీది ఏ షాపు?" అన్న ఒక్క ప్రశ్న చాలు, దాని వెనక ఇరవై సెట్టింగులు వాటంతట అవే సర్దుకుంటాయి. తర్వాత ఒక్కోదాన్నీ విడిగా మార్చుకోనివ్వండి. మందులతో పాటు బేబీ ఫుడ్, సబ్బులు కూడా అమ్మే షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

4. డిఫాల్ట్ మీద గట్టిగా పని చేయండి

చాలామంది సెట్టింగ్స్ విండో ఎప్పుడూ తెరవరు. మీరు ఇచ్చిన డిఫాల్టే, అంటే ఎవరూ ముట్టుకోకపోతే ఉండే విలువే, వాళ్లకు మీ సాఫ్ట్‌వేర్. అందుకే సెట్టింగ్ పెట్టాం కదా అని డిఫాల్ట్‌ను తేలిగ్గా వదిలేయకండి.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007 తయారుచేసిన రోజుల్లో ఆ టీమ్ వర్డ్ 2003 వాడకాన్ని లెక్కగట్టింది. పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్, ఈ ఐదు కమాండ్లే మొత్తం వాడకంలో 32 శాతం దాకా ఉన్నాయి. మీ ప్రోగ్రామ్‌లోనూ అలాంటి ఐదు ఉంటాయి. బిల్లింగ్‌లో అయితే వస్తువు చేర్చడం, సంఖ్య మార్చడం, వరుస తీసేయడం, డబ్బు తీసుకోవడం, ప్రింట్. ఇవి ఏ సెట్టింగూ ముట్టుకోకుండా, మౌస్ పట్టుకోకుండా జరగాలి.

పరీక్ష ఇలా చేయండి: ఏమీ లేని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి, మీ టీమ్‌లో లేని మనిషిని కూర్చోబెట్టి, మూడు వస్తువులు ఇచ్చి బిల్లు కొట్టమనండి. మీరు నోరు మెదపకండి. ఆ మనిషి ఆగిన ప్రతి చోటునూ రాసుకోండి. ఇది చాలా విలువైన పని, దీన్ని వాయిదా వేసే టీమ్‌లను చూస్తే బాధేస్తుంది.

కోడ్ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. సెట్టింగ్స్ ఫైల్‌లో వాడేవాళ్లు మార్చినవాటిని మాత్రమే సేవ్ చేయండి. అన్ని డిఫాల్ట్ విలువల్నీ రాసేస్తే, రేపు మీరు డిఫాల్ట్‌ను మెరుగుపరిచినా పాతవాళ్లకు అందదు. పైగా ఎవరు కావాలని ఎంచుకున్నారో, ఎవరు అసలు ముట్టుకోలేదో మీకే తెలియకుండా పోతుంది.

5. ఎక్కడ పెట్టాలి

సెట్టింగ్ పని జరిగే చోటుకు దగ్గరగా ఉండాలి. మన దగ్గర అకౌంట్స్ చేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన ట్యాలీలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. కంపెనీ మొత్తానికి వర్తించేవి ఎఫ్11లో ఉంటాయి. ఎఫ్12 నొక్కితే మీరు ఉన్న స్క్రీన్‌కు సంబంధించినవి వస్తాయి. వోచర్ కొడుతూ నొక్కితే వోచర్ సంగతులు, రిపోర్ట్ చూస్తూ నొక్కితే రిపోర్ట్ సంగతులు. 2020లో వచ్చిన ట్యాలీ ప్రైమ్‌లో ఎఫ్11 మొదట కొన్ని ఫీచర్లనే చూపించి, ఇంకా కావాలంటే చూపిస్తానంటుంది. పాతవాళ్ల వేళ్లకు అలవాటైన కీలు అలాగే ఉన్నాయి, కొత్తవాళ్ల కళ్ల ముందు భారం తగ్గింది. ఈ పనితనం నాకు చాలా నచ్చింది.

వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌లో ప్రిఫరెన్సెస్ తెరిస్తే కింద ఒక మూల "సింపుల్", "ఆల్" అని రెండు బొత్తాలు ఉంటాయి. వందల ఆప్షన్లున్న ప్రోగ్రామ్‌కు అది సరిపోయే ఏర్పాటు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఇంకో దారి పట్టింది. 2013లో వచ్చిన 23వ వెర్షన్‌లో జావాస్క్రిప్ట్‌ను (వెబ్ పేజీల్లో పనులు జరిపించే కోడ్‌ను) ఆపేసే టిక్‌బాక్స్‌ను మామూలు ఆప్షన్ల నుంచి తీసేసింది. పొరపాటున టిక్ తీసినవాళ్లకు సగం వెబ్‌సైట్లు పనిచేయవు, ఎందుకో కూడా తెలియదు. కావాలనుకునేవాళ్ల కోసం అబౌట్:కాన్ఫిగ్ అనే లోపలి సెట్టింగుల పేజీలో దాన్ని ఉంచింది. మీ బిల్లింగ్‌కు ఇన్ని అంతస్తులు అక్కర్లేదు. స్క్రీన్ మీద ఉండేవి, ఆ స్క్రీన్ సెట్టింగులు, మొత్తం షాపు సెట్టింగులు, ఈ మూడు చాలు.

దాచేటప్పుడు చోటు మాత్రం మారనివ్వకండి. ఆఫీస్ 2000లో తక్కువ వాడే కమాండ్లను మెనూ తనంతట తానే దాచేసేది. మెనూ పొట్టిగా కనిపించింది కానీ, నిన్న ఉన్నచోట ఇవాళ లేకపోతే మనిషి మళ్లీ మొత్తం చదవాలి. ఆఫీస్ 2007లో రిబ్బన్‌తో (పైన ట్యాబుల్లో బొత్తాలు పరిచిన పట్టీతో) ఆ దారిని వదిలేశారు.

6. మాటలు షాపు మాటలుగా ఉండాలి

ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో భాషల ఆప్షన్లకు వెళితే "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" అన్న టిక్‌బాక్స్ కనిపిస్తుంది. తెలుగు ఆ వర్గంలోకి వస్తుంది. ఫాంట్ మార్చే క్యారెక్టర్ డైలాగ్‌లోనూ పాశ్చాత్య లిపులకు ఒక భాగం, తెలుగు లాంటివాటికి వేరే భాగం. తెలుగులో ఉత్తరం రాసుకుందామని కూర్చున్న మనిషికి తన భాష ఆ పేరు కింద ఉంటుందని ఎలా తెలుస్తుంది? పాశ్చాత్య లిపుల భాగంలో సైజు పెంచి, తెలుగు అక్షరాలు మారలేదని తల పట్టుకుంటారు. పేరు ఇంజినీర్ల వైపు నుంచి పెట్టారు కాబట్టి, సరైన జవాబు తెలిసిన మనిషికే ప్రశ్న అర్థం కాలేదు.

మీ ప్రతి సెట్టింగ్ పేరునూ ఫోన్‌లో షాపు యజమానికి చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకోండి. "ఎనేబుల్ నెగెటివ్ స్టాక్" బదులు "స్టాక్ అయిపోయినా బిల్లు కొట్టనివ్వాలి". "డిసేబుల్ ఆటో రౌండింగ్ చేయవద్దు" లాంటి రెండు కాదనడాలున్న వాక్యం ఎక్కడా ఉండకూడదు. టిక్ పెడితే జరుగుతుంది, తీస్తే జరగదు, అంతే. "అడ్వాన్స్‌డ్" అన్న పేరు కూడా వద్దు. అందులో ఏముందో అది చెప్పదు.

7. వెనక్కి వచ్చే దారి

మార్చుకోవచ్చన్న ధైర్యం ఉంటేనే మనుషులు మార్చి చూస్తారు. కేడీఈ డెస్క్‌టాప్ ప్లాస్మా 5.20లో, 2020 అక్టోబరులో, సిస్టమ్ సెట్టింగ్స్‌కు ఒక మంచి బొత్తాం వచ్చింది. నొక్కితే డిఫాల్ట్ నుంచి మారిన సెట్టింగులన్నింటి పక్కనా గుర్తు కనిపిస్తుంది. దీన్ని మీరూ పెట్టండి. "బిల్లులో పైసలు రావట్లేదు" అని ఫోన్ వచ్చినప్పుడు, మారినవి మాత్రమే చూస్తే కారణం వెంటనే దొరుకుతుంది. ఒక్కో సెట్టింగ్ పక్కన "మొదటి స్థితికి" అన్న చిన్న లింకు ఇవ్వండి. ఒక్కదాని కోసం అన్నీ చెరిపేసే "రీసెట్ ఆల్" ఒక్కటే ఉంటే ఎవరూ దాని జోలికి వెళ్లరు.

"నిజంగా తీసేయాలా?" డైలాగులు కూడా ఇక్కడే తగ్గుతాయి. అన్‌డూ ఉంటే ఆ ప్రశ్న అక్కర్లేదు. బిల్లులో వరుస తీసేస్తే తీసేయండి, కంట్రోల్ జడ్ నొక్కితే తిరిగి తెండి. సేవ్ అయిన బిల్లును రద్దు చేయడం లాంటి లెక్కలు మారే చోట మాత్రం ఆపి అడగండి.

8. ఉన్నదాన్ని తీసేసేటప్పుడు

కొత్తది పెట్టకపోవడం సులువు. అలవాటైనదాన్ని తీసేయడమే కష్టం. 2011 ఏప్రిల్‌లో వచ్చిన గ్నోమ్ 3లో విండోకు మినిమైజ్ బొత్తాం కనబడలేదు. యూజర్ మెనూలో షట్‌డౌన్ కూడా ఆల్ట్ నొక్కితేనే కనిపించేది. పాత పద్ధతి కావాలనుకున్నవాళ్లు గ్నోమ్ 2 కోడ్‌ను మేట్ పేరుతో ముందుకు తీసుకెళ్లారు. లినక్స్ మింట్ టీమ్ నుంచి సినమన్ అనే ఇంకో డెస్క్‌టాప్ వచ్చింది. విండోస్ 8 నుంచి 2012లో స్టార్ట్ బటన్ పోయింది, 2013లో 8.1తో తిరిగొచ్చింది. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు టాస్క్‌బార్‌లో విండోలను పేర్లతో విడివిడిగా ఉంచుకునే వీలు లేదు, 2023లో తిరిగి పెట్టారు.

కాబట్టి తీసేసే ముందు దాన్ని ఎవరు, ఏ పని కోసం వాడుతున్నారో కనుక్కోండి. ఎంతమంది అన్న లెక్క ఒక్కటే చాలదు. నూటికి ఇద్దరే వాడుతున్నా, ఆ ఇద్దరి షాపు దాని మీదే నడుస్తుంటే అది చిన్న సంగతి కాదు. అదే పనికి వేరే దారి ముందే తయారుగా ఉంచండి. ఇప్పటికే మార్చుకున్నవాళ్లకు వాళ్ల విలువ అలాగే ఉంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకే ఆ ఆప్షన్ కనిపించకుండా చేయండి. మార్చి నెలాఖరులో, ఆర్థిక సంవత్సరం ముగిసే వారంలో అలాంటి అప్‌డేట్ పంపకండి.

అక్షరాల సైజు, రంగుల తేడా, కీబోర్డుతోనే పని చేసే వీలు, కదిలే బొమ్మల్ని ఆపే వీలు, వీటిని ఈ కోతలోకి రానివ్వకండి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో మనిషి ఇప్పటికే పెట్టుకున్న విలువను తీసుకుని పాటించండి. చూపు తగ్గిన పెద్దాయన మీ ప్రోగ్రామ్‌లో మళ్లీ వెతుక్కోవాల్సిన అవసరం ఉండకూడదు.

9. "ఇంకో ఆప్షన్ ఇవ్వండి" అని అడిగినప్పుడు

అడిగినదాన్ని అలాగే చేయకండి, తోసేయకండి కూడా. "ఇది ఉంటే మీరేం చేస్తారు?" అని అడగండి. "ప్రింట్ ముందు అడిగే డైలాగ్ ఆపేసే ఆప్షన్ కావాలి" అన్న షాపు యజమానికి నిజంగా కావాల్సింది సాయంత్రం రద్దీలో బిల్లు తొందరగా రావడం. అయితే ఆ డైలాగ్ ఎవరికీ అక్కర్లేదేమో, అందరికీ తీసేయవచ్చు. కొన్నిసార్లు విచారిస్తే నిజంగానే రెండు రకాల షాపులు, రెండు రకాల పద్ధతులు బయటపడతాయి. అప్పుడు ఆప్షన్ ఇవ్వండి, సంకోచించకండి.

సపోర్ట్ రిజిస్టర్‌లో ఒక కాలమ్ పెంచండి. "సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫలానాది మార్చుకోండి" అన్నదే జవాబైన ప్రతి కాల్‌కూ అక్కడ ఆ సెట్టింగ్ పేరు రాయించండి. ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే, దాని డిఫాల్టో, పేరో, చోటో తప్పుగా ఉన్నట్టే. తర్వాతి వెర్షన్ పనిని ఆ పేరుతోనే మొదలుపెట్టండి.